మన్యం జ్వరాలు – ప్రజారోగ్య ప్రయోగశాలలు

ఒక ప్రాంతంలో ఏ రోగం తిరుగుతోందో, ఎక్కడ మొదలైందో, ఎటు పాకుతోందో పరీక్షలు చేసి తేల్చేది ప్రజారోగ్య ప్రయోగశాల. ఆసుపత్రిలో ఉండే ల్యాబు మంచం మీదున్న రోగికి ఏ మందు వేయాలో వైద్యుడికి చెబుతుంది. ప్రజారోగ్య ప్రయోగశాల అదే రక్తపు చుక్కను చూసి ఆ రోగి ఊరికి ఏం చేయాలో కూడా చెబుతుంది. దోమల మందు కొట్టాలా, ఊటనీరు తాగడం ఆపించాలా, పశువులకు టీకాలు వేయాలా, పక్క ఊళ్లను హెచ్చరించాలా అన్నది అక్కడ తేలుతుంది. ఈ రెండో జవాబు సమయానికి రాకపోతే రోగి కోలుకుని ఇంటికి వెళ్లినా, వారం తిరక్కుండా అదే ఊరి నుంచి మరో నలుగురు అదే జ్వరంతో వస్తారు.

ఈ జవాబు అవసరం తూర్పు కనుమల మన్యంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాలు ఈ జిల్లాలోవే. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, కొండు, పోర్జ, గదబ తెగల ప్రజలు కొండవాలుల్లో చిన్న చిన్న ఊళ్లు కట్టుకుని ఉంటారు. పది పదిహేను ఇళ్లే ఉన్న ఊళ్లూ చాలా ఉన్నాయి. తాగునీరు చాలాచోట్ల ఊట నుంచో గెడ్డ నుంచో వస్తుంది. వానాకాలంలో గెడ్డ పొంగితే దారి తెగుతుంది. రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగిని డోలీలో మోసుకొచ్చి అంబులెన్సు ఎక్కించాలి. అరకు నుంచి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. రోగి వెళ్లే దారినే నమూనా కూడా వెళ్లాలి.

మన్యంలో వానలు మొదలయ్యాక వచ్చే జ్వరాలన్నీ మొదటి రెండు మూడు రోజులు ఒకేలా ఉంటాయి. చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, నీరసం. ఇవి మలేరియాలోనూ ఉంటాయి, టైఫాయిడ్‌లోనూ ఉంటాయి, డెంగీలోనూ, స్క్రబ్ టైఫస్‌లోనూ ఉంటాయి. చేయి పట్టుకుని చూసి వీటిని వేరు చేయడం ఎంత అనుభవం ఉన్న వైద్యుడికైనా కష్టమే. వేరు చేయకపోతే మందు తప్పుతుంది, నివారణ చర్యా తప్పుతుంది. డెంగీ దోమ ఇళ్ల దగ్గర నిలవనీటిలో పెరుగుతుంది. కొండప్రాంతాల మలేరియా దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మెల్లగా పారే గెడ్డల అంచుల్లో, మెట్ల పొలాల్లో ఊరే నీటిలో పెరుగుతుంది. టైఫాయిడ్ తాగునీటితో వస్తుంది. స్క్రబ్ టైఫస్ పొదల్లోని చిన్న పురుగు కుట్టడంతో వస్తుంది. ఏ జ్వరమో తెలియకుండా ఊరికి వెళ్లిన ఆరోగ్య బృందానికి ఎక్కడ పని మొదలుపెట్టాలో తెలియదు.

ల్యాబులో మలేరియాను పట్టుకునే పనికి ఈ కొండల బయటే పునాది పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద చూశారు. హుస్సేన్‌ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ అది. ఈ కృషికి రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1909లో కసౌలీలో సెంట్రల్ మలేరియా బ్యూరో ఏర్పడింది. అదే తర్వాత ఢిల్లీకి మారి, 1963లో జాతీయ అంటువ్యాధుల సంస్థగా, 2009లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రంగా రూపుదిద్దుకుంది. 1930ల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు మలేరియా నిపుణుడిగా పనిచేసిన రొనాల్డ్ సీనియర్-వైట్, అరకుకు ఆనుకుని ఉన్న జయపురం కొండల్లో ఏ దోమ ఎక్కడ పుడుతుందో, ఏది రోగాన్ని మోస్తుందో వరసగా పరిశీలించి రాశారు. కొండ మలేరియా మైదానపు మలేరియా లాంటిది కాదని, దానికి వేరే నివారణ కావాలని ఇలాంటి పరిశీలనల వల్లే తెలిసింది.

మలేరియా పరీక్ష నేటికీ చాలావరకు మైక్రోస్కోపు పద్ధతిలోనే జరుగుతుంది. ఆశా కార్యకర్త గానీ ఆరోగ్య కార్యకర్త గానీ జ్వరం వచ్చినవారి వేలికొనను స్పిరిట్‌తో తుడిచి, సూదితో గుచ్చి, గాజు స్లైడుపై రెండు రకాల పూతలు వేస్తారు. ఒకటి మందపు పూత, ఒకటి పలుచని పూత. ఆరిన తర్వాత ల్యాబు టెక్నీషియన్ దానికి జేఎస్‌బీ రంగు వేస్తారు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే భారతీయ శాస్త్రజ్ఞుల పేరుతో వాడుకలో ఉన్న రంగు అది. త్వరగా అంటుతుంది, ఖర్చు తక్కువ. ఆపైన నూనె చుక్క వేసి, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపే మైక్రోస్కోపు కింద కనీసం వంద చోట్ల వెతకాలి. మందపు పూతలో పరాన్నజీవి ఉందో లేదో తెలుస్తుంది. పలుచని పూతలో అది ఫాల్సిపారమా వైవాక్సా అన్నది తేలుతుంది. ఫాల్సిపారం మెదడుకు, మూత్రపిండాలకు ఎక్కి రోజుల్లోనే ప్రాణం తీయగలదు. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత తిరగబెడుతుంది. రెంటికీ మందుల తీరు వేరు.

మైక్రోస్కోపు లేని ఊళ్ల కోసం ర్యాపిడ్ కిట్లు వచ్చాయి. పావుగంట ఇరవై నిమిషాల్లో గీత పడుతుంది. సంతలో కూడా పరీక్ష చేయవచ్చు. మన్యంలో ఇవి ఎన్నో ప్రాణాలు కాపాడాయి. వీటికీ పరిమితులు ఉన్నాయి. ఫాల్సిపారం తగ్గిపోయాక కూడా కొన్ని వారాల పాటు కిట్టు పాజిటివ్ చూపవచ్చు. రక్తంలో పరాన్నజీవి ఎంత ఉందో చెప్పలేదు. కిట్టు గుర్తించే ప్రోటీనును కోల్పోయిన ఫాల్సిపారం రకాలు ప్రపంచంలో కొన్ని చోట్ల కనిపించాయి, వాటిని కిట్టు పట్టుకోలేకపోవచ్చు. ఎండలో, వేడిలో నిల్వ ఉన్న కిట్టు పాడవుతుంది. అందుకే కిట్టు ఉన్నా, దాని వెనుక స్లైడు చూడగలిగే టెక్నీషియన్, ఆ టెక్నీషియన్ చూసిన స్లైడ్లలో కొన్నిటిని మళ్లీ చూసే పై ల్యాబు ఉండాలి.

మలేరియా చరిత్ర నిధుల గురించి ఒక గట్టి పాఠం నేర్పింది. స్వాతంత్ర్యం నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. 1961 నాటికి కేసులు ఏడాదికి 50 వేలకు దిగాయి. రోగం పోయినట్టేనన్న నమ్మకంతో శ్రద్ధ సడలింది, నిధులు చాలలేదు. పరీక్షకు వచ్చిన స్లైడ్లు ల్యాబుల్లో పేరుకుపోయాయి. మందుకు లొంగని దోమలు పెరిగాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. జ్వరాలు తగ్గిన సంవత్సరాల్లో ల్యాబుకు డబ్బు ఆపితే, మిగిలిందనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు తర్వాత ఖర్చవుతుంది. రాబోయే ముప్పును మొదట చూపేది ఆ నిశ్శబ్దపు సంవత్సరాల్లో చూసిన స్లైడ్లే.

మన్యంలో ల్యాబు తేల్చవలసిన మరో రోగం ఆంత్రాక్స్. పశువైద్యంలో దీనిని దొమ్మ రోగం అంటారు. విశాఖ మన్యంలోనూ, పక్కనే ఉన్న ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలోనూ ఇది పలుమార్లు మనుషులకు సోకింది. దీని బీజాలు మట్టిలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. మేత మేసే పశువు వాటిని మింగితే హఠాత్తుగా చచ్చిపోతుంది, ముక్కు నుంచీ నోటి నుంచీ నల్లటి, గడ్డకట్టని రక్తం కారుతుంది. పేదరికంలో పశువు చచ్చిందంటే ఆస్తి పోయినట్టే. మాంసమైనా దక్కుతుందని కోస్తారు, పంచుకుంటారు. కోసినవారి చేతులపై రెండు మూడు రోజుల్లో చిన్న పొక్కు వస్తుంది, చుట్టూ వాపు వస్తుంది, నొప్పి ఉండదు. ఆ పొక్కు పగిలి నల్లటి పెచ్చు కడుతుంది. చికిత్స అందకపోతే రోగం రక్తంలోకి వ్యాపించి ప్రాణాలు పోవచ్చు.

స్క్రబ్ టైఫస్‌లోనూ నల్లటి పెచ్చే కనిపిస్తుంది. పోడుకూ కట్టెలకూ పొదల్లోకి వెళ్లినవారిని మైట్ అనే అతి చిన్న పురుగు పిల్ల కుడుతుంది. కుట్టిన చోట, ఎక్కువగా చంకలోనో నడుము దగ్గరో గజ్జల్లోనో, నొప్పి లేని చిన్న నల్లటి మచ్చ ఏర్పడుతుంది. వారం పది రోజులకు జ్వరం వస్తుంది. ఆ మచ్చ చాలామందిలో కనిపించనే కనిపించదు. కనిపించినా బట్టల చాటున ఉంటుంది. డాక్సీసైక్లిన్ అనే చవక మందుకు ఇది లొంగుతుంది. అదే మందు చర్మపు ఆంత్రాక్స్‌కు కూడా పనిచేస్తుంది. మందు ఒకటే అయినప్పుడు పరీక్ష ఎందుకన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. దానికి జవాబు ఊరి దగ్గర ఉంది. ఆంత్రాక్స్ అయితే ఆ మాంసం తిన్నవారందరినీ వెతికి చూడాలి, చచ్చిన పశువును కోయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, చుట్టుపక్కల ఊళ్ల పశువులకు టీకా వేయాలి. స్క్రబ్ టైఫస్ అయితే ఇళ్ల చుట్టూ పొదలు కొట్టించాలి, ఎలుకల బెడద తగ్గించాలి, అడవికి వెళ్లేవారు ఒళ్లంతా కప్పుకునేలా చూడాలి. నల్లటి పెచ్చు ఏ రోగానిదో తేలకపోతే రోగికి నయం కావచ్చు గానీ, ఊరికి ఈ రెంటిలో ఒక్క పనీ సరిగా జరగదు.

ఆంత్రాక్స్ నిర్ధారణకు పొక్కులోని ద్రవాన్ని దూదిపుల్లతో తీసి, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ల్యాబుకు పంపాలి. చచ్చిన పశువు నుంచైతే చెవి దగ్గర తీసిన రక్తపు పూత చాలు, పశువును కోయకూడదు. రక్తంలోని బ్యాక్టీరియా గాలి తగిలితే బీజాలుగా మారి మట్టిలో చేరుతుంది. పశువుల ల్యాబు ఒక శాఖ కింద, మనుషుల ల్యాబు మరో శాఖ కింద ఉంటాయి. మన్యంలో ఒకదాని కబురు మరొకదానికి అదే రోజు చేరడం ప్రాణాధారం. పశువు చచ్చిన రోజే పశువైద్య ల్యాబు చెబితే, మనిషి చేతిపై పొక్కు లేవకముందే ఆరోగ్య సిబ్బంది ఊళ్లో ఉండవచ్చు.

నీటితో వచ్చే రోగాల్లో కాలానికి ఇంకా ఎక్కువ విలువ ఉంది. 2007లో ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో, ముఖ్యంగా కాశీపూర్ ప్రాంతపు ఆదివాసీ గ్రామాల్లో కలరా విజృంభించి ఎంతోమంది ప్రాణాలు తీసింది. భువనేశ్వర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం నమూనాలు పరీక్షించి విబ్రియో కలరా ఓ1 ఒగావా రకమని తేల్చింది. కొండల్లో ఐసు దొరకడం కష్టం. అయితే కలరా నమూనాకు ఐసే అక్కర్లేదు. కేరీ-బ్లేర్ అనే జిగురు మాధ్యమం ఉన్న చిన్న గొట్టంలో, విరేచనం అంటిన దూదిపుల్లను గుచ్చి మూతపెడితే మామూలు వేడిలోనే కొన్ని రోజులు నిలుస్తుంది. ఆ గొట్టం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అలమరలో ముందే ఉండాలి, దానిని ఎలా వాడాలో ఏఎన్‌ఎంకు తెలిసి ఉండాలి. నీటిని చూడడానికి హెచ్‌టూఎస్ సీసా ఉంది. అందులో ఊటనీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నీటిలో మలం కలిసి ఉన్నప్పుడు నల్లబడుతుంది. ఊరివాళ్లందరూ కళ్లారా చూడగలిగిన పరీక్ష అది.

నమూనా దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో తెలుగు నేల చూసింది. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు లక్షణాలు వచ్చాయి, వారిలో 183 మంది చనిపోయారు. చాలామంది పిల్లలు ఆసుపత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే కన్నుమూశారు. అది చాందీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. 1965లో నాగ్‌పూర్ దగ్గర చాందీపురా గ్రామంలో మొదటిసారి దొరికిన వైరస్ అది. 2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్‌తో పడిపోవడం మొదలైంది. సుమారు 600 మంది అలా ఆసుపత్రి పాలయ్యారు. డెంగీ, మెదడువాపు, కోవిడ్ పరీక్షలు ఏమీ చూపలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వంటివి ఆహారాన్నీ నీటినీ పరీక్షించాయి. పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చన్న నిర్ణయానికి నిపుణులు వచ్చారు. జిల్లా కేంద్రంలో జరిగిన సంఘటనకే ఇన్ని నగరాల సహాయం కావాల్సి వచ్చిందంటే, కొండమీది ఊరికి ఎంత కావాలో ఊహించవచ్చు.

ల్యాబు దగ్గరలో ఉంటే తేడా ఎంతో నిపా వైరస్ చెబుతుంది. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలో 66 మందికి అంతుపట్టని జ్వరం వచ్చి 45 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందికి ఆసుపత్రిలోనే సోకింది. అది నిపా అని శాస్త్రలోకానికి 2006లో తెలిసింది, దాచి ఉంచిన నమూనాలను తిరిగి పరీక్షించాక. 2018 మేలో కేరళలోని కోజికోడ్‌లో ఒకే కుటుంబంలో రెండో వ్యక్తి జబ్బుపడగానే వైద్యులు అనుమానించారు. నమూనా మణిపాల్‌లోని వైరస్ పరిశోధన కేంద్రానికి వెళ్లింది. రోజుల్లోనే నిపా అని తేలింది, పుణె సంస్థ ధ్రువీకరించింది. 18 మందికి ల్యాబులో నిర్ధారణ అయింది, కొన్ని వారాల్లో వ్యాప్తి ఆగింది. ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ కేరళ దానిని త్వరగానే పట్టుకోగలిగింది.

భారతదేశంలో ఈ వ్యవస్థ అంచెలంచెలుగా కట్టుకుంటూ వచ్చింది. 2004 నవంబరులో ప్రపంచ బ్యాంకు సహాయంతో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. లక్షణాల సమాచారం ఆరోగ్య కార్యకర్త నుంచి, అనుమానిత కేసుల సమాచారం వైద్యుడి నుంచి, నిర్ధారణ అయిన కేసుల సమాచారం ల్యాబు నుంచి, ఇలా మూడు రకాల ఫారాలు పైకి వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడవి ఇంటర్నెట్ పోర్టల్లో చేరుతున్నాయి. 2013 నుంచి వైద్య కళాశాలల్లో వైరస్ పరిశోధన, నిర్ధారణ ప్రయోగశాలలు ఏర్పడుతూ వచ్చాయి. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలోనూ అలాంటి ల్యాబు ఉంది. 2020 జనవరి 30న కేరళలో తొలి కోవిడ్ కేసు బయటపడినప్పుడు దేశం మొత్తానికీ పుణె సంస్థే ఆధారం. రెండేళ్లు తిరిగేసరికి కోవిడ్ పరీక్ష చేసే ల్యాబులు మూడు వేలు దాటాయి. గోవాలో తయారైన, బ్యాటరీతో నడిచే ట్రూనాట్ యంత్రాలు చిన్న ఆసుపత్రులకూ చేరాయి. 2021 అక్టోబరు 25న రూ.64,180 కోట్ల అంచనాతో ప్రధానమంత్రి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక సదుపాయాల మిషన్ మొదలైంది. దేశంలోని 730 జిల్లాల్లో సమగ్ర ప్రజారోగ్య ప్రయోగశాలలు ఏర్పాటు చేయడం దీని లక్ష్యాల్లో ఒకటి. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి రూ.70,051 కోట్లు కేటాయించింది. 2024లో పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వైద్య కళాశాల వెంట సూక్ష్మజీవశాస్త్ర విభాగం వస్తుంది, అది మన్యానికి దగ్గరగా ఒక మంచి ల్యాబు ఎదిగే అవకాశం.

భవనం కట్టడం, యంత్రం కొనడం ఒక్కసారి పెట్టే ఖర్చు. ల్యాబు నిలిచేది మాత్రం ఏటా వచ్చే డబ్బుతో. ఆ డబ్బులో మొదటి వాటా మనుషులది. స్లైడులో పరాన్నజీవిని గుర్తుపట్టే కన్ను ఏళ్ల తరబడి సాధనతో వస్తుంది. తాత్కాలిక ఒప్పందంపై ఉండి, మైదానంలో శాశ్వత ఉద్యోగం రాగానే టెక్నీషియన్ వెళ్లిపోతే, ఆ అనుభవమూ వెళ్లిపోతుంది. కొండమీద పనిచేసేవారికి ఇల్లు, భత్యం, పిల్లల చదువు చూస్తేనే నిలుస్తారు. స్థానిక ఆదివాసీ యువతకు ఈ శిక్షణ ఇస్తే నమూనా తీసే చేయి, ఊరి భాష తెలిసిన నోరు ఒకరివే అవుతాయి.

రెండోది రసాయనాలు, కిట్లు. ఎలైజా పరీక్షలో ఒక పళ్లెంలో 96 గుంటలు ఉంటాయి. పది నమూనాలే వచ్చాయని మిగతావాటి కోసం ఆగితే మొదటి రోగి ఫలితం ఆలస్యమవుతుంది, ఆగకపోతే కిట్టు త్వరగా అయిపోతుంది. తక్కువ జనాభా ఉన్న ప్రాంతపు ల్యాబుకు తలకు ఇంత అని లెక్కగట్టి కిట్లు ఇస్తే ఎప్పుడూ చాలవు. మూడోది నిర్వహణ. వానాకాలం పొడవునా అరకు గాలిలో తేమ తగ్గదు. మైక్రోస్కోపు కటకాల మీద సన్నని బూజు పడుతుంది, పరాన్నజీవి మసకబారుతుంది. పని అయ్యాక కటకాన్ని మెత్తని కాగితంతో తుడిచి, తేమ పీల్చే సిలికా గుళికలు ఉన్న పెట్టెలో గానీ బల్బు వెలిగే చెక్కపెట్టెలో గానీ పెట్టాలి. గాలివానకు కరెంటు పోతే ఫ్రిజ్‌లోని కిట్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవడానికి సోలార్ పలకలో, జనరేటరో కావాలి. ఏటా బాగుచేసే ఒప్పందం లేని యంత్రం, చెడిపోయిన రోజు నుంచి అలంకారంగా మిగులుతుంది.

నాలుగోది నమూనా ప్రయాణం. ఇది బడ్జెట్లలో చాలాసార్లు మరచిపోయే పద్దు. ముంచింగిపుట్టులో తీసిన రక్తం పాడేరుకు, పాడేరు నుంచి విశాఖకు ఎవరు తీసుకెళ్తారు, ఏ వాహనంలో, ఎన్ని గంటలకు, మూడు పొరల పెట్టెలో కారకుండా, వేడెక్కకుండా ఎలా వెళ్తుంది అన్న ప్రశ్నలకు జీతం, పెట్రోలు, ఐసు పెట్టె రూపంలో జవాబు ఉండాలి. ఆఫ్రికాలోని ఉగాండా ఈ సమస్యను మోటారు సైకిళ్లతో పరిష్కరించింది. నిర్ణీత రోజుల్లో ఆరోగ్య కేంద్రాల చుట్టూ తిరిగే వాహకులు నమూనాలను దగ్గరి కేంద్ర ల్యాబుకు చేరుస్తారు, ఫలితాలను తిరిగి తెస్తారు. హెచ్ఐవీ పరీక్షల కోసం మొదలైన ఆ దారి ఇతర రోగాలకూ ఉపయోగపడింది. 2022 సెప్టెంబరులో ఎబోలా వచ్చినప్పుడు ఎంటెబేలోని ఉగాండా వైరస్ పరిశోధన సంస్థ తన దేశంలోనే దానిని నిర్ధారించింది. మన్యంలో సంతలు వారానికి ఒక రోజు ఒక్కో చోట జరుగుతాయి, జీపులు ఆ దారినే తిరుగుతాయి. నమూనా ప్రయాణాన్ని సంత రోజులకు జోడిస్తే కొండల్లోనూ ఇలాంటి పద్ధతి నిలదొక్కుకోగలదు.

ఐదోది నాణ్యత. పై ల్యాబు పంపిన తెలిసిన నమూనాలను కింది ల్యాబు సరిగా చెప్పగలుగుతుందా అని పరీక్షించే ఏర్పాటు ఉండాలి. తప్పు ఫలితం ఇచ్చే ల్యాబు వల్ల ఊరి నమ్మకం పోతుంది. మళ్లీ జ్వరం వచ్చినప్పుడు వేలు చాపరు.

ప్రపంచం ఈ అవసరాన్ని ఒప్పుకుని చాలాకాలమైంది. 2005లో ఆమోదించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2007 జూన్ 15 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రతి దేశానికీ రోగాలను గుర్తించే ల్యాబు సామర్థ్యం ఉండాలని అవి కోరతాయి. ఆ సామర్థ్యం లేని మూల ఎంత ప్రమాదమో 2013 చివరలో గినీ దేశపు అటవీ ప్రాంతం చూపింది. మెలియాందూ అనే చిన్న ఊళ్లో డిసెంబరులో మొదలైన ఎబోలాను 2014 మార్చిలో గానీ గుర్తించలేకపోయారు. నిర్ధారణ కోసం నమూనాలు ఫ్రాన్సులోని లియోన్ దాకా వెళ్లాయి. ఆ మూడు నెలల్లో రోగం సరిహద్దులు దాటింది. గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలు ప్రధానంగా దెబ్బతిన్న ఆ వ్యాప్తిలో 28,600 మందికి పైగా రోగం బారిన పడ్డారు, 11,300 మందికి పైగా చనిపోయారు. పోలియో మరో పాఠం చెప్పింది. దాని కోసం ప్రపంచమంతా సుమారు 145 ల్యాబులు ఒకే పద్ధతిలో పనిచేస్తున్నాయి. 2014 మార్చి 27న భారత్‌కు పోలియో రహిత ధ్రువపత్రం రావడం వెనుక ఆ ల్యాబుల పనీ ఉంది.

కోవిడ్ తర్వాత, మహమ్మారుల నివారణకు, సన్నద్ధతకు అదనంగా ఏటా సుమారు 1,050 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచ బ్యాంకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టాయి. 2022లో ప్రపంచ బ్యాంకు నిర్వహణలో పాండెమిక్ ఫండ్ ఏర్పడింది. ఆ నిధి నుంచి పశు ఆరోగ్య వ్యవస్థను, పశువైద్య ల్యాబులను బలపరచడానికి భారత్‌కు 2.5 కోట్ల డాలర్ల సాయం అందింది. ఆంత్రాక్స్ బెడద ఉన్న కొండలకు ఇలాంటి సాయంలో తగిన వాటా దక్కాలి. ఇంకోవైపు 2025లో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది, పేద దేశాల్లో చాలా ల్యాబులకు ఆధారమైన నిధులు తగ్గాయి. మహమ్మారి వచ్చినప్పుడు వేల కోట్లు కుమ్మరించి, అది పోగానే చేయి ముడుచుకోవడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమే.

ఆరోగ్య నిపుణులు ఇప్పుడు ఒక సులభమైన కొలత వాడుతున్నారు. కొత్త రోగం కనిపించిన 7 రోజుల్లో దానిని గుర్తించాలి, ఆ తర్వాత 1 రోజులో పైవారికి తెలపాలి, మరో 7 రోజుల్లో తొలి నియంత్రణ చర్యలు పూర్తి కావాలి. మన్యంలో ఈ లెక్క నిలవాలంటే ప్రతి పీహెచ్‌సీలో స్లైడు చూసే టెక్నీషియన్, కేరీ-బ్లేర్ గొట్టాలు, మలేరియా కిట్లు ఉండాలి. అరకు ఏరియా ఆసుపత్రిలో స్క్రబ్ టైఫస్, డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు రోజూ జరగాలి. పాడేరులో జిల్లా ల్యాబు ఆంత్రాక్స్, కలరా నమూనాల్లోని బ్యాక్టీరియాను పెంచి చూడగలగాలి. విశాఖ ల్యాబు కొత్త వైరస్‌లను తేల్చాలి. పశువైద్య ల్యాబు వీటన్నిటితో ఒకే జాబితాలో ఉండాలి. కోరాపుట్, రాయగడ ఫలితాలు ఇటూ, ఇటు ఫలితాలు అటూ అదే రోజు చేరాలి, ఎందుకంటే సంతకు వచ్చేవారికి రాష్ట్ర సరిహద్దు లేదు.

చివరి మెట్టు ఫలితం ఊరికి తిరిగి చేరడం. పోర్టల్లో నమోదైన అంకె ఊరికి చేరకపోతే ఆ పరీక్ష సగమే జరిగినట్టు. ఏ రోగమో, ఎక్కడినుంచి వచ్చిందో, ఏం చేయాలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి కువి భాషలోనో ఆదివాసీ ఒడియాలోనో తెలుగులోనో చెప్పగలిగినప్పుడే ల్యాబు పని పూర్తవుతుంది. నిధులిచ్చే ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు కట్టిన భవనాలతో, కొన్న యంత్రాలతో తమ పనిని కొలుచుకుంటే చాలదు. కొండమీది చివరి ఊళ్లో జ్వరం మొదలైన రోజు నుంచి, ఆ ఊరికి జవాబు అందిన రోజు వరకు ఎన్ని రోజులు పట్టాయన్నదే సరైన కొలమానం. ఆ రోజులను తగ్గించే ప్రతి రూపాయీ ప్రాణాల మీద పెట్టిన రూపాయే.